డాక్టరమ్మ పండుకుంది

శ్రీవాణి డ్యూటీ దిగి ఇంటికొచ్చే వేళకు గల్లీలో పాలబండి వచ్చి పోయి ఉంటుంది. సిద్దిపేటలో కోమటి చెరువు వైపు పోయే దారిలో ఉంది ఆ గల్లీ. ఒకరింట్లో దగ్గితే పక్కింట్లో మంచినీళ్లు తెచ్చేంత ఇరుకు. అందుకే ఆమె స్కూటీ చప్పుడు వినగానే వాకిళ్లు ఊడ్చేవాళ్లంతా నడుములెత్తి చూస్తారు. తల్లి సిద్ధమ్మ మాత్రం స్కూటీని చూడదు, బిడ్డ మొహం చూస్తుంది. రాత్రి అన్నం తిన్నదో లేదో, ఎవరితోనైనా మాట పడ్డదో లేదో ఆమెకు అక్కడే తెలిసిపోతుంది.

"చాయ్ తాగుతవా, పండుకుంటవా?" అంటుంది.

శ్రీవాణి చెప్పులు విప్పేలోపే సగం నిద్రపోయి ఉంటుంది.

తండ్రి లక్ష్మీరాజం తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. ఆ ఇంట్లోంచి ఒక డాక్టర్ వస్తుందని గల్లీలో ఎవరూ అనుకోలేదు. ఏ మాటకామాటే చెప్పాలి, శ్రీవాణి కూడా అనుకోలేదు. గురుకులంలో పదోతరగతి మార్కులు చూసి సార్లు బైపీసీలో వేశారు. బైపీసీ అయ్యాక నీట్ రాయమన్నారు. మొదటిసారి సీటు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్ అని హైదరాబాద్ హాస్టల్లో పడేశారు. అక్కడ పొద్దస్తమానం పుస్తకాల మీద వంగి వంగి మెడ పట్టేసింది, జుట్టు సగమైంది. మళ్లీ రాస్తే సీటొచ్చింది. గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. ఏ పెళ్లి ఫొటోలోంచి ఆమెను కత్తిరించారో ఏమో, పక్కనున్న మేనత్త భుజం కూడా వచ్చి ఫ్లెక్సీ మీద పడింది. ఆ మేనత్త ఇప్పటికీ తన భుజం గురించి గొప్పగా చెప్పుకుంటుంది.

నీకు డాక్టర్ కావాలని ఉందా అని అప్పట్లో ఎవరూ అడగలేదు. సీటొచ్చిన పిల్లను అడిగేదేముంటుంది?

చదువు పూర్తయి ఇప్పుడు హౌస్ సర్జన్. అంటే డాక్టరే, కానీ దవాఖానలో డాక్టర్లందరికన్నా చిన్న. రక్తం తీయాలి, కట్లు మార్చాలి, సెలైన్లు చూడాలి, పెద్దసారు వచ్చేసరికి ఎవరికెట్లుందో నోటికి చెప్పాలి. పేషెంట్ల వెంబడి వచ్చినవాళ్లు కోపమంతా ముందు కనపడ్డ ఆమె మీదే తీర్చుకుంటారు. ఇంటికొస్తే పీజీ పరీక్షకు చదవాలి. ఆ పుస్తకం తెరిచీ తెరవకముందే దాని మీద తల వాలుతుంది.

ఇక గల్లీ సంగతి. శ్రీవాణి మెడలో స్టెతస్కోప్ పడ్డనాటి నుంచి గల్లీవాళ్లకు దవాఖాన దూరమైంది. మన పిల్ల ఉండగా చిట్టీ రాయించుకుని లైన్లో నిలబడటమేంటని వాళ్ల లెక్క. బీపీ చూపించుకోవాలన్నా, గోలీలు పొద్దున మింగాలా రాత్రి మింగాలా అడగాలన్నా ఆమె ఇంటి ముందున్న గద్దె మీదకే వస్తారు. వచ్చేటప్పుడు ఉత్త చేతులతో రారు. బీరకాయలో, సర్వపిండో పట్టుకొస్తారు. కాదనడానికి ఆమెకు నోరు రాదు.

పక్కింటి రోజారాణి మిషన్ కుడుతుంది. ఆమె ఒక్క బిడ్డ మనస్విని ఈ ఏడే ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. నీట్‌లో సీటొచ్చేంత మార్కులు రాలేదు. ఇంకో పరీక్ష రాసి ఉంది గనుక అగ్రికల్చర్ కాలేజీలో మాత్రం సీటొచ్చింది. వచ్చే శుక్రవారంలోపు చేరకపోతే ఆ సీటు పోతుంది. చేరితే డాక్టర్ చదువు మాట ఇక మరిచిపోవడమే. రోజారాణికేమో శ్రీవాణిలాగే బిడ్డను లాంగ్ టర్మ్‌కు పంపాలని ఉంది. "శ్రీవాణి ఎట్లంటే అట్ల" అని గల్లీ అంతా చెప్పుకుని కూర్చుంది. ఆ మాట శ్రీవాణి చెవిన పడ్డప్పటి నుంచి ఆమె తల మీద ఇంకో బరువు పెరిగింది.

ఒక పొద్దున ఆమె అన్నం తింటుండగా రోజారాణి వచ్చింది. మెడలో టేపు వేలాడుతూనే ఉంది.

"తిను తిను, నేను కూసుంట. మా మనస్విని సంగతి ఏం జేద్దాం బిడ్డ?"

"చిన్నమ్మా, నాకు కండ్లు మూతలువడుతున్నయ్. ఆదివారం ఇంట్లనే ఉంట. కూసొని మాట్లాడుదం."

"సరే గానియ్. మా అత్త సుత కాలు చూపెడ్తనంటుంది. ఏదో గుచ్చుకుందట. ఆమెను సుత ఆదివారమే రమ్మంట."

శ్రీవాణి చేయి ఆగింది. రోజారాణి అత్త ఎల్లవ్వకు చాలా ఏళ్లుగా షుగర్.

"షుగర్ ఉన్న మనిషి గద చిన్నమ్మా. దవాఖానకు తోల్కపోవద్దా?"

"చెప్పి చూడు నువ్వు. 'మన పిల్ల ఉండంగ పరాయోళ్ల ముంగట కాలు చాపుడెందుకు' అంటది. నాకు సుత చూపెడ్తలేదు. బట్ట గట్టుకొని తిరుగుతుంది."

లేచి గోడ అవతలికి పోయి చూసొస్తే అయిపోయేది. శ్రీవాణికి ఆ ఆలోచన రాకపోలేదు. చేయి కడుక్కుని పోదామనుకుంది. చేయి కడుక్కుని మంచం మీద కూర్చుంది. అంతే, ఒరిగిపోయింది.

శనివారం మళ్లీ రాత్రి డ్యూటీ. ఒక ట్రాక్టర్ బోల్తా కొట్టి వచ్చినవాళ్లతో ఎవరికీ కూర్చునే తీరిక దొరకలేదు. ఆదివారం పొద్దున ఇల్లు చేరి పడుకున్న పిల్ల, వీధి లైట్లు వెలిగే వేళకు లేచింది. లేవగానే మనస్విని గుర్తొచ్చింది, ఎల్లవ్వ కాలు గుర్తురాలేదు.

"అమ్మా, ఎవరన్న వచ్చిన్రా?"

"ఎవ్వరు రాలే. నువ్వు తిను" అంది సిద్ధమ్మ.

హమ్మయ్య అనుకుంది శ్రీవాణి. ఆ పిల్లకు ఏం చెప్పాలో వారమంతా తలచుకుంటూనే ఉంది. వద్దు అని చెబుదామని ఒక ఘడియ అనిపించేది. ఆ చదువుతోనే గల్లీలో తలెత్తుకున్న తను ఇంకొకరిని ఏ నోటితో వద్దనాలని ఇంకో ఘడియ అనిపించేది. ఎవరూ రాలేదంటే ఆ గండం ఇంకో రోజుకు జరిగింది.

కానీ వచ్చారు. రోజారాణి బిడ్డను వెంటబెట్టుకుని గడప దాకా వచ్చింది. నోరు తెరుచుకుని, చేతి గడియారం కూడా విప్పకుండా పడి ఉన్న శ్రీవాణిని చూసి, సిద్ధమ్మ నోటి మీద వేలు పెట్టకముందే వెనక్కి తిరిగింది. ఆ వెనక ఎల్లవ్వ కట్టె పట్టుకుని కుంటుకుంటూ వచ్చి గద్దె మీద కూర్చుంది. లేపమని అడగలేదు. పైగా కాపలా కాసింది. క్రికెట్ ఆడే పిల్లలను కట్టె చూపి అవతలి సందుకు తోలింది. మైకులో టమాటలు, వంకాయలు అని అరుచుకుంటూ కూరగాయల ఆటో వస్తే డ్రైవర్ మీదకు లేచింది.

"బంద్ జెయ్ ఆ మైకు. డాక్టరమ్మ పండుకుంది."

"నాకు బేరం గావద్దా అవ్వా?"

"నీ వంకాయలు మైకుల జెప్తె లేతగైతయా? నడువు."

ఆటో నోరు మూసుకుని పోయింది. గల్లీలో మిక్సీ పట్టేవాళ్లు కూడా ఆపుకున్నారు. ఎల్లవ్వ పొద్దు వాలేదాకా కూర్చుని, కాలికి బట్ట బిగించుకుని, వచ్చే ఆదివారం చూపిద్దాంలే అనుకుని ఇంటికి పోయింది. సిద్ధమ్మ ఈ సంగతేదీ బిడ్డతో అనలేదు. చెబితే బిడ్డ అన్నం కూడా తినకుండా గోడ అవతలికి పోతుందని ఆమెకు తెలుసు.

బుధవారం శ్రీవాణి డ్రెస్సింగ్ గదిలో ఉండగా మనస్విని ఎల్లవ్వను చక్రాల కుర్చీలో తోసుకొచ్చింది. బట్ట విప్పకముందే వాసన వచ్చింది. బొటనవేలు నల్లబడి ఉంది.

"పిలిచినవట గద బిడ్డ. పిల్ల చెప్పింది" అంది ఎల్లవ్వ సిగ్గుపడుతూ.

శ్రీవాణి మనస్విని వైపు చూసింది. పిల్ల తల దించుకుంది. శ్రీవాణి పిలిచిందని నాయనమ్మకు అబద్ధం చెప్పి ఆటో ఎక్కించిందని అర్థమైంది.

"ఔనవ్వా, పిలిచిన. ఆదివారమే రాకపోయినవా?"

"వచ్చిన. నువ్వు పండుకున్నవ్. రాత్రంత నిలవడి వచ్చిన పిల్లను ఎట్ల లేపాలె?"

శ్రీవాణి దూది పక్కన పెట్టి పెద్దసారుకు కబురు పంపింది.

పెద్దసారు వచ్చి చూశాడు. వేలు తీసేయాలన్నాడు. మూడు నాలుగు రోజుల ముందు వస్తే శుభ్రం చేసి కాపాడేవాళ్లమేమో అని ఒక మాట అని, పక్క మంచం దగ్గరికి పోయాడు. ఆ 'ఏమో' శ్రీవాణి దగ్గరే ఉండిపోయింది.

గురువారం వేలు తీశారు. సాయంత్రం వార్డు బయట బెంచీ మీద మనస్విని కూర్చుని ఉంటే శ్రీవాణి పోయి పక్కన కూలబడింది.

"అక్కా, రేపే ఆఖరు. అమ్మ నిన్ను అడుగుమన్నది."

"నువ్వేమనుకుంటున్నవ్?"

"నన్నెవ్వరు అడుగుతలేరు. నిన్నే అడుగుమంటున్నరు."

శ్రీవాణికి నవ్వొచ్చింది. నవ్వే ఓపిక లేక సగంలో ఆగింది.

"నాయినమ్మ వేలు తీసేటప్పుడు నువ్వు లోపల్నే ఉన్నవట. ఏమనిపించింది?"

మంచి జవాబు ఏదైనా దొరుకుతుందేమోనని వెతుక్కుంది శ్రీవాణి. దొరకలేదు.

"నిద్రొచ్చింది" అంది.

మనస్విని గుడ్లప్పగించి చూసింది.

"నిజమే జెప్తున్న. సారు అడిగింది అందిచ్చుకుంట నిలవడ్డ. కాలెవరిదో యాది మరిచిన. బయటికొచ్చి చేతులు కడుగుతుంటె యాదికొచ్చింది. ఏడుపొచ్చింది. గంతల్నే ఇంకో కేసుకు పిలిచిన్రు."

"రోజు గిట్లనేనా?"

"రోజు గాదు. మొన్నొకామె ఊపిరాడక వచ్చింది. పొయ్యేటప్పుడు మొగనితోటి కొట్లాడుకుంట నడిచిపోయింది. ఆ దినం నాకు అన్నం రుచైంది. గసుంటివి అప్పుడప్పుడు ఉంటయ్. వాటి మీదనే తక్కిన దినాలు ఎల్లుతయ్."

"మళ్ల మొదటినుంచి చదువుమంటె చదువుతవా?"

వద్దు అనే మాట నాలుక మీదే ఉంది. తీరా అడిగేసరికి అది నిజమో కాదో ఆమెకే తేలలేదు.

"తెల్వదే. అప్పుడు నేను మొదలువెట్టలే, నన్ను వెట్టిన్రు. ఇప్పుడు ఇడిచిపెట్టి పొమ్మంటె పోలేను. అది ఇష్టమో అలవాటో నాకే తెలుస్తలేదు."

మనస్విని చున్నీ కొసను వేలికి చుట్టుకుంది.

"కాలు చూస్తె నాకు కక్కొచ్చింది."

"నాకు సుత వచ్చేది. అది పోతది. అది పెద్ద ముచ్చట గాదు."

"నేను దాని గురించి అంటలే. నాయినమ్మను నీ చేతుల వెట్టినంక, ఇగ నా పని అయిపోయిందనుకున్న. పాణం నిమ్మళమైంది. నీకు గట్ల అనుకునే జాగనే లేదు గద అక్కా. నీ ఎనుక ఇంకెవ్వరున్నరు?"

శ్రీవాణి ఆ పిల్ల వైపు తిరిగి కూర్చుంది. ఇన్నేళ్లలో తన పని గురించి ఇట్లా చూసి మాట్లాడినవాళ్లు ఎవరూ లేరు.

"మర్కూక్ ఊర్ల మామ పొలం ఉంది. సెలవులకు పోయినప్పుడు ఆకు ఎందుకు ముడుచుకుందో, పురుగు ఎటునుంచి ఎక్కిందో చూసుకుంట కూసుంటె నాకు పొద్దు తెల్వదు" అంది మనస్విని. ఎవరికి చెబుతుందో తెలియనట్టు గోడ వైపు చూస్తూ అంది.

"ఈ ముచ్చట మీ అమ్మకు చెప్పినవా?"

"చెప్పలే. ఇయ్యాల చెప్త."

శుక్రవారం పొద్దుగూకే వేళ రోజారాణి అత్తకు అన్నం డబ్బా తెచ్చింది. ఎల్లవ్వ తింటుండగా శ్రీవాణి దగ్గరికొచ్చి నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అగ్రికల్చర్ల చేరింది" అంది. "వాళ్ల నాయిన తోల్కపోయిండు. నువ్వు వద్దన్నవా?"

"అనలే చిన్నమ్మా. చదువుమని సుత అనలే. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పిన."

"నాలుగు మాటలు మంచిగ జెప్తె నీ సొమ్మేం పోదు."

శ్రీవాణి ఆ మాట పడింది. రోజారాణి కిటికీ చువ్వలు పట్టుకుని మళ్లీ తనే మొదలుపెట్టింది.

"డాక్టర్ తల్లి అనిపిచ్చుకోవాలని నాకు లేకుండెనా? ఉండె. అబద్ధమెందుకు. కాని ఇంకోటి సుత ఉండె. నువ్వు పొద్దుగాల బండి మీద తూలుకుంట వస్తుంటె చూస్త గద. మనోళ్లల్ల ఇంకొకలు డాక్టరైతె, నువ్వో పూట పండుకుంటె ఆమె చూస్తది, ఆమె పండుకుంటె నువ్వు చూస్తవ్ అనుకున్న."

తన నిద్ర గురించి ఈమె ఇంత దూరం ఆలోచించిందని శ్రీవాణి అనుకోలేదు.

"ఇగ మాకు నువ్వొక్కదానివే" అంది రోజారాణి. తిట్టినట్టూ లేదు, పొగిడినట్టూ లేదు. డబ్బా కడగడానికి నల్లా దగ్గరికి పోయింది.

"మేడం, గీడ సెలైన్ అయిపోయింది" అని మూల మంచం నుంచి ఎవరో పిలిచారు. శ్రీవాణి అటు నడిచింది.