ఆ ఇంటి రెండు ఓట్లు

ఓట్ల దగ్గరికి వచ్చేసరికి ఆర్డిస్ నైగార్డ్‌కీ ఆమె భర్త ఓర్లిన్‌కీ ఉప్పూ నిప్పూ. ఆయనదొక పార్టీ, ఆమెది రెండోది. నలభై ఏళ్లుగా ఒకే ట్రక్కులో వెళ్లి, ఒకరి ఓటుకు ఒకరి ఓటు చెల్లుకు చెల్లు చేసుకుని, దారిలో చెరో బీరు తాగి ఇంటికొచ్చేవారు.

"ఈ మాత్రానికి పెట్రోలు దండగ," అనేవాడు ఆయన.

"అయితే నువ్వుండు, నేనొక్కదాన్నే పోయొస్తా," అనేది ఆమె. ఏ ఒక్కరూ ఇంట్లో ఉండిపోయిన పాపాన పోలేదు.

2020 అధ్యక్ష ఎన్నికల్లో వాళ్ల రాష్ట్రం విస్కాన్సిన్ ఎటు మొగ్గుతుందో ఎవరికీ అంతుపట్టలేదు. ఓర్లిన్ ఆసుపత్రికి వెళ్లేముందు, పోస్టులో పంపే కవరు ఓటు వేశాడు. ఆమెకు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ వేశాడు. కవరు మీద సాక్షి సంతకం ఆమే పెట్టింది. అక్టోబరులో ఆయన పోయాడు. ఆమెకు ఏడుపు రాలేదు. ఆవులకు మేత వేసింది, గిన్నెలు కడిగింది, ఓట్ల రోజున ఎప్పటిలాగే టౌన్‌హాల్లో పోలింగు పనికి వెళ్లింది.

అక్కడ కవరు విప్పేముందు ఓటరు పేరు అందరికీ వినబడేలా చదవాలి. మనిషి ఈలోగా చనిపోతే ఆ ఓటు చెల్లదు. ఓర్లిన్ కవరును క్లర్కు లవాన్ ముందుగానే తీసి పక్కన పెట్టాల్సింది. ఆర్డిస్ ఎదుట ఆ పని చెయ్యడానికి మొహమాటపడి కట్టలోనే వదిలేసింది. పాడు మొహమాటం, అన్ని పనులూ దానితోనే చెడతాయి.

"ఓర్లిన్ నైగార్డ్, కౌంటీ రోడ్డు," అని చదివింది ఆర్డిస్.

ఎవరూ తలెత్తలేదు. ఓర్లిన్‌తో పేకాడే డ్వేన్ పక్క కుర్చీలోనే ఉన్నాడు. "మిషన్లో వేసెయ్ వదినా. బతికుండగా వేసిందేగా. మేమెవరం నోరెత్తం," అన్నాడు మెల్లగా.

చెబితే, అదను చూసి మొగుడి ఓటు మింగిందంటారు. చెప్పకపోతే పొద్దున పనిలో కూర్చునేముందు చేసిన ప్రమాణం అబద్ధం. ఆమెకు భయం లేదు, బాధ లేదు. ఏదో ఒకటి అనిపిస్తే బావుండుననిపించింది.

"ఈయన పోయారు. పక్కన పెట్టండి," అంది.

"మీ పార్టీకి ఒకటి కలిసొచ్చింది, అంతేగా," అన్నాడు డ్వేన్.

ఆమె తర్వాతి కవరు తీసింది. మధ్యాహ్నం తన ఓటు తాను వేసుకుని, మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చుంది.

మర్నాడు రాష్ట్రం వెంట్రుకవాసిలో ఆమె పార్టీ వైపు ఒరిగింది. లవాన్ ఫోన్ చేసింది. "మీవాళ్లే గెలిచారు. కాస్తయినా సంతోషంగా ఉందా?"

"నేను వాళ్లకి వెయ్యలేదు. చీటీలో మిగతా పదవులకు వేసి, అధ్యక్షుడి చోటు ఖాళీగా వదిలేశా."

"అదేం పని? ఇన్నేళ్లూ పంతం పట్టి వేశావు కదే."

"వేసి ఇంటికొస్తే," అంది ఆర్డిస్, "పోట్లాడ్డానికి మనిషేడీ?"