తుపాకీకి పూసిన నూనె

మా ఇంట్లో పంట కాపలాకి లైసెన్సున్న నాటు తుపాకీ ఉండేది, మా మామ కాలం నాటిది. గొట్టంలో పైనుంచి మందు పోసి కడ్డీతో దట్టించాలి. వెనక చిన్న ముక్కు మీద రాగి టోపీ పెట్టాలి. మీట నొక్కితే టోపీ పేలి, ముక్కులోని సూది బెజ్జం గుండా నిప్పు లోపలి మందుకు అందాలి. అందకపోతే అది ఉత్త ఇనుప గొట్టం.

కాల్చేది మా ఆయన, కడిగేది నేను. పేలిన మందు మసి ఒక్క రోజు నిలవుంటే ఇనుమును తినేస్తుంది. పెళ్లయిన కొత్తలో మా అత్త నేర్పింది: మసిలే నీళ్లు పోయాలి, పాత పంచె గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవాలి, బెజ్జంలో సూది ఆడించాలి, చివర కుట్టుమిషను నూనె రాయాలి. వేరే నూనె తగలనివ్వకూడదు. చెప్పకూడదు గానీ, ఆ పనంటే నాకు గర్వంగా ఉండేది.

ఆ ఏడు ఎన్నికలొచ్చాయి. లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి. తీరా బయల్దేరే వేళకు చూస్తే మిషను నూనె సీసా ఖాళీ. మా చేని కాయ ఆడించిన వేరుశనగ నూనె డబ్బా నిండా ఉంది. ఏ నూనైతేనేం అనుకుని దట్టంగా పూసి పంపాను. మూడు నెలలకు తుపాకీ తిరిగొచ్చింది. పైకి నిగనిగలాడుతోంది. నా చేతి పని మీద నాకంత నమ్మకం, సూది పెట్టి చూడలేదు.

వారానికే, తెల్లారుతుండగా అడవిపందులు చేన్లో పడ్డాయి. బెదరగొడదామని ఆయన తుపాకీని ఆకాశంలోకి ఎత్తి నొక్కాడు. టోపీ టప్పుమంది, తుపాకీ పలకలేదు. పెద్ద మగపంది నేరుగా మీదికొచ్చి కోరతో తొడ చీల్చింది.

కర్నూలు ఆసుపత్రిలో ఎవరడిగినా ఆయనది ఒకటే మాట. "మందుకు చెమ్మ పట్టిండెప్పా."

ఇంటికొచ్చి బెజ్జంలో సూది దూర్చాను. బాణలి అంచున గట్టిపడిన జిడ్డులా పసుపు బంక వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. ఆయన కుంటుతూ మెట్టెక్కినప్పుడల్లా నోటిదాకా వచ్చేది, మింగేదాన్ని. అలా పన్నెండేళ్లు గడిచాయి.

మొన్న లైసెన్సు వద్దని రాసిచ్చి, తుపాకీ అప్పజెప్పడానికి ఇద్దరం స్టేషనుకు పోయాం. ముందురోజు దాన్ని కడిగి మిషను నూనె రాశాను.

"పాత ఇనుముకు ఇంత సోకు దేనికమ్మా?" అన్నాడు కానిస్టేబులు.

బయట బెంచీ మీద కూర్చున్నాక ఇక ఆపుకోలేకపోయాను. "ఆ పొద్దు తప్పు మందుది కాదు. నేను ఇంట్లో నూనె పూసినా."

ఆయన కర్ర మీద నుంచి చెయ్యి తీయలేదు. "తెలుసులే మే."

"ఎప్పటినుంచి?"

"టోపీ పేలినప్పుడే. మాడిన చెనక్కాయ నూనె వాసన గుప్పున కొట్టె. పంది ఇంకా నా కాడికి రానే లేదు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కర్ర ఊతంతో లేచాడు.

"ఎవరన్నా అడిగితే మందుకు చెమ్మ పట్టిండెననే చెప్పు. లెయ్, బస్సు వస్తాండాది."