గట్టు కనపడని మూడు రోజులు

తిరుపతిలో పెరిగినవాడికి దిక్కులు నేర్పక్కర్లేదు. కొండ ఉన్నది ఉత్తరం. వీధిలో ఎక్కడ నిలబడ్డా తల తిప్పితే కొండ కనిపిస్తుంది. దాన్నిబట్టి బస్టాండు ఎటో, అలిపిరి ఎటో తెలిసిపోతుంది. పంతొమ్మిదేళ్లు వచ్చేదాకా నేను అలాగే బతికాను. కొండ లేని చోట నాకు కుడి ఎడమలు కూడా తెలియకుండా పోతాయని ఓడ ఎక్కాకే తెలిసింది.

మాది గుడి పనిలో ఉన్న కుటుంబం. పెద్ద గుడి కాదు. మా వీధి చివర ఒక చిన్న పెరుమాళ్ల గుడి ఉంది, అందులో తాత అర్చకుడు. నాయన ఆఫీసు ఉద్యోగంలో, చిన్నాన్న వ్యాపారంలో పడి ఆ పని వదిలేశారు కాబట్టి తాత ఆశంతా నా మీదే. ఒడుగు అయిన ఏడాది నుంచి రోజూ పొద్దున్నే బావి నుంచి బిందెతో నీళ్లు తెచ్చి, స్వామికి తిరుమంజనం చేసేటప్పుడు తాత పక్కన నిలబడి పోయడం నా వంతు. ఆ పని నాకు చాలా ఇష్టం. దాన్ని భక్తి అంటే అబద్ధమవుతుంది. నల్లరాతి భుజాల మీద నుంచి చల్లటి నీళ్లు జారుతుంటే దగ్గరగా నిలబడి చూడటం ఇష్టం, అంతే.

స్నానం అయ్యాక తాత స్వామి నుదుట తిరునామం దిద్దేవాడు. దిద్ది, ఒక అడుగు వెనక్కి వేసి, సరిగ్గా ఉందా అని అడిగేవాడు. తాత కళ్లు మసకబారిన సంగతి అందరికీ తెలుసు. ఆపరేషన్ మాటెత్తితే వినేవాడు కాదు. ఒక్కోరోజు నామం పక్కకు ఒరిగిపోయేది. అయినా నేను, నాయన, పొద్దున్నే దర్శనానికి వచ్చే ఇద్దరు ముగ్గురు, అందరం బాగుందనే అనేవాళ్లం. పెద్దాయన మనసు ఎందుకు నొప్పించాలని.

కాలేజీలో నేను క్యాడెట్ల బృందంలో చేరింది యూనిఫాం కోసం. అది నౌకల విభాగమని చేరిన తర్వాత పట్టించుకున్నాను. సముద్రం చూడని ఊళ్లో అట్లాంటి విభాగం ఎందుకని స్నేహితులు ఆటపట్టించేవాళ్లు. రెండో ఏడాది, తెరచాపల ఓడ మీద ఆరు రోజుల శిక్షణకు మా కాలేజీ నుంచి ఇద్దరిని ఎంపిక చేశారు. ఐరాల దగ్గరి రైతు కుటుంబం నుంచి వచ్చిన ఒకమ్మాయి, నేను. చెన్నైలో ఎక్కి విశాఖపట్నంలో దిగాలి.

ఇంట్లో చెప్పేసరికి నాయన తల పట్టుకున్నాడు. మా వంశంలో స్వామిని తాకి పూజ చేసేవాళ్లు సముద్రం దాటకూడదు. దాటినవాడు మళ్లీ గర్భగుడిలో కాలు పెట్టకూడదు. తాత అన్నదమ్ముల్లో ఒకాయన ఎప్పుడో ఉద్యోగానికని సింగపూర్ వెళ్లి, తిరిగొచ్చాక బతికినన్నాళ్లూ గడప బయటే నిలబడ్డాడని చెప్పుకునేవాళ్లు. తాత మాత్రం కోప్పడలేదు. రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు పూజ అయ్యాక నన్ను పిలిచి చెప్పాడు.

"గట్టు కండ్లకు కనపడతా ఉండేంత దూరం పో అబ్బయ్యా. అది దాటడం కాదు, వొడ్డున తిరిగినట్టే. గట్టు మరుగైందంటే మాత్రం దాటినట్టే."

నాకోసం ఆయన శాస్త్రంలో ఒక సందు వెతికాడని అప్పుడే అర్థమైంది. సరేనన్నాను. విశాఖపట్నం కూడా ఈ వొడ్డునే ఉంది కదా, గట్టు ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

ఓడలో మా శిక్షకుడు కేరళ మనిషి, నడివయసు, హిందీలోనే మాట్లాడేవాడు. మొదటిరోజు సాయంత్రం రేవు దాటగానే ఆయన్ని అడిగాను, గట్టు కనపడుతూనే ఉంటుందా అని. ఆయన నవ్వాడు. తెరచాప ఓడకు నీళ్లతో భయం లేదట, భయమంతా నేలతోనే. గాలి గట్టువైపు తోస్తే నిలదొక్కుకోవడానికి చోటు ఉండదు కాబట్టి ఎంత దూరం జరిగితే అంత మంచిదట. ఇంట్లో దేన్ని దోషం అన్నారో ఇక్కడ దాన్నే జాగ్రత్త అంటున్నారు.

మర్నాడు పొద్దున లేచేసరికి ఫోన్లో సిగ్నల్ లేదు, పడమటి వైపు గట్టూ లేదు. కడుపులో ఉన్నదంతా సముద్రానికి అప్పజెప్పి, కడ్డీ పట్టుకుని ఆ పక్కకే చూస్తూ కూర్చున్నాను.

పని మాత్రం ఎవరికోసమూ ఆగదు. తెరచాప ఎత్తాలంటే పదిమందిమి ఒకే తాడు పట్టుకుని ఒకే ఊపున లాగాలి. ఒక్కడు ముందు లాగినా, వెనక లాగినా మిగతావాళ్ల అరచేతులు కాలిపోతాయి. తాళ్లు వందకు పైన ఉంటాయి. ఏ తాడు ఏ మేకుకు చుట్టి ఉందో కళ్లు మూసుకుని తడిమి చెప్పాలి. ఐరాల అమ్మాయికి ముడులన్నీ ఒక్క పూటలో వచ్చేశాయి. నేను వేసినవి నేను చూస్తుండగానే ఊడిపోయేవి. "ఏం సామీ, ఆవును కట్టేసేది కూడా రాదా నీకు?" అని నవ్వి, మళ్లీ విప్పి నిదానంగా చూపించేది. నాకు సామీ అనే పేరు స్థిరపడిపోయింది. వంటవాడికి కూడా అదే పేరు తెలుసు. ఆ వంటవాడు ఉప్మాలో ఉల్లిపాయలు వేస్తే ఆకలికి ఆగలేక తిన్నాను. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర మొదటిరోజే అయిపోయింది మరి.

కుడి ఎడమలతో ఇంకో చిక్కు. శిక్షకుడు ఎడమ అంటే నేను నా ఎడమకు పరిగెత్తేవాణ్ణి, అది తప్పయ్యేది. ఓడలో ఎడమంటే ఓడ ఎడమ. నువ్వు ఎటు తిరిగి నిలబడినా అది మారదు. కొండను చూసి దిక్కు తెలుసుకునే నాకు ఆ సంగతి తలకెక్కడానికి ఒక రోజు పట్టింది.

మూడో రోజు మధ్యాహ్నం ఓడ ముందు భాగాన కాపలా నా వంతు వచ్చింది. పని తేలిక. చుట్టూ చూస్తూ ఉండాలి. పడవ కనిపించినా, వల కనిపించినా, నేల కనిపించినా అరిచి చుక్కాని పట్టినవాడికి చెప్పాలి. ఏమీ కనిపించకపోతే అరగంటకు ఒకసారి ఏమీ లేదని కూడా అరవాలి. నేను చుట్టూ చూడలేదు. పడమర వైపే చూశాను. చూడగా చూడగా నీళ్ల అంచున నీలంగా, పొడుగ్గా ఒక గీత తేలింది. రైల్లో ఏర్పేడు దాటుతుంటే మా కొండలు కనిపించేది అచ్చం అట్లాగే. సంతోషం పట్టలేక ఎడమవైపు నేల ఉందని అరిచాను.

శిక్షకుడు వచ్చి దుర్భిణితో చూశాడు. చార్టు చూసి వచ్చాడు. మళ్లీ చూశాడు. అప్పటికే ఆ గీత మధ్యలో తెగి, పైకి లేచింది. అది మబ్బు. ఆయన అరవలేదు. దుర్భిణి దించి అడిగాడు.

"నీకు కనపడిందా, కనపడాలని అనుకున్నావా?"

ఆయనే చెప్పుకుపోయాడు. చుక్కాని దగ్గర ఉన్నవాడికి నీ కళ్లే కళ్లు. నీ మాట నమ్మి అతను ఓడ తిప్పితే అందులో ఉన్నవాళ్లంతా నీ కోరిక వెంట పోతారు. లేనిదాన్ని లేదని చెప్పడం కూడా ఇక్కడ పనే. అంతా చెప్పి, ఇంకో రెండు గంటలు నన్ను అక్కడే నిలబడమన్నాడు. ఐరాల అమ్మాయి దూరం నుంచి చూసింది కానీ ఈసారి సామీ అనలేదు.

మొదటిసారి ఏమీ లేదని అరిచినప్పుడు నా నోటితో నేనే నా బిందెను వదులుకుంటున్నట్టు అనిపించింది. నాలుగోసారికి అలవాటైంది. గట్టు కోసం వెతకడం మానేశాక మిగతావి కనిపించసాగాయి. నీళ్లలోంచి లేచి చిన్న చేపలు గుంపుగా ఎగిరి మళ్లీ పడ్డాయి. ఎండ వాలేకొద్దీ నీళ్ల రంగు మూడుసార్లు మారింది. మర్నాడు తెరచాపల కొయ్య ఎక్కించారు. తాళ్ల నిచ్చెన పట్టుకుని సగానికి పైన ఎక్కి నాలుగు వైపులా చూశాను. గుండ్రంగా నీళ్లే. ఎటు తిరిగినా మేమే మధ్యలో ఉన్నాం. భయపడ్డాను, అయినా దిగాలనిపించలేదు. అంత సంతోషం ఎక్కడినుంచి వచ్చిందో, అది తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తెలియదు.

విశాఖలో దిగగానే నాయన ఫోన్. తాత రోజూ నా గురించే అడుగుతున్నాడట. కనపడినా కనపడకపోయినా, గట్టు కనపడిందనే చెప్పమన్నాడు నాయన. ఒక్క మాటతో అయిపోయేదాన్ని పెద్దది చేయొద్దన్నాడు. రైల్లో తిరుపతి వచ్చేదాకా ఆ ఒక్క మాటను రకరకాలుగా చెప్పుకుని చూశాను. నిజానికి మొదటిరోజు, చివరి రెండు రోజులు కనపడింది కదా. కనపడిందంటే పూర్తి అబద్ధం కూడా కాదు.

మర్నాడు పొద్దున స్నానం చేసి బావి దగ్గర బిందె నింపుకుని గుడికి వెళ్లాను. గడప ముందు తాత ఆపాడు. లోపల దీపం వెలుగుతోంది. గట్టు కనపడుతూనే ఉందా అని అడిగాడు. ఆయన మొహంలో అవునను, అవునను అన్న ఆశ ఎంత స్పష్టంగా ఉందంటే, నాకు ఏడుపొచ్చింది.

"లేదు తాతా. మూడు దినాలు కనపడలేదు. కొయ్య ఎక్కి చూసినాను. ఆడి నుంచి కూడా లేదు."

తాత మెల్లిగా అన్నాడు.

"బిందె ఈడ పెట్టు."

పెట్టాను. ఇంకేమన్నా ఉందా అని అడిగాడు. ఉల్లిపాయలు తిన్నానని చెప్పాను. అది స్నానంతో పోతుందన్నాడు. ఇది పోదని అనలేదు, అనక్కర్లేదు. మధ్యాహ్నానికల్లా చిన్నాన్నకు కబురు వెళ్లింది. మరుసటి రోజు నుంచి బిందె ఆయన అందుకున్నాడు.

తాత మీద నాకు చాలా కోపం వచ్చింది. నిజం చెప్పినందుకా ఈ శిక్ష అని నాయనతో గొడవపడ్డాను. నాయన నన్నే తిట్టాడు. వారం రోజులు గుడి వైపు పోలేదు. ఎనిమిదో రోజు కాళ్లు వాటంతటవే తీసుకెళ్లాయి. దర్శనానికి వచ్చినవాళ్ల వెనక, గడప బయట నిలబడ్డాను. తాత నామం దిద్ది, ఒక అడుగు వెనక్కి వేసి, సరిగ్గా ఉందా అని అడిగాడు. బాగుందని చిన్నాన్న అన్నాడు. బాగుంది స్వామీ అని మిగతావాళ్లూ అన్నారు.

తాత నా గొంతు కోసం చూశాడు. నేను వచ్చానని ఎట్లా తెలిసిందో. బహుశా అడుగుల చప్పుడు.

"వాణ్ణి చెప్పమను. వాడైతే కనపడింది చెప్తాడు."

అందరూ పక్కకు జరిగారు. నేను గడప దగ్గరికి వచ్చి చూశాను. తాత అన్నేళ్లుగా ఆ ప్రశ్న ఎందుకు అడుగుతూ వచ్చాడో, మేమందరం ఆయనకు ఏం జవాబిస్తూ వచ్చామో అప్పుడు తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను.

"స్వామికి ఎడమ పక్క గీత కిందికి దిగింది తాతా."

తాత తడిగుడ్డతో తుడిచి మళ్లీ దిద్దాడు. ఇప్పుడు అని అడిగాడు. ఇంకొంచెం పైకి అన్నాను. తుడిచాడు.

నాలుగేళ్లయింది. నేను ఇంకా గడప బయటే. నీళ్లు పోసే చప్పుడు వింటే చేతులు ఇప్పటికీ ఊరికే ఉండవు. కానీ రోజూ పొద్దున నేను వచ్చేదాకా తాత నామం మొదలుపెట్టడు. ఇవాళ రెండుసార్లు తుడవాల్సి వచ్చింది. మూడోసారికి కుదిరింది. కుదిరిందని చెప్పాను.