చోడవరంలో నా మూడు నెలల కాపురం

ఇరవై రెండు మంది ఆడవాళ్ళు ఒక పెద్దమనిషిని బెల్లం గిడ్డంగిలో గోనెసంచి మీద కూర్చోబెట్టి, "నువ్వు పరీక్ష సేయించుకోవాల బాబూ" అని నచ్చజెబుతున్నారు. ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. హెడ్మాస్టరుగా రిటైరయినవాడు. ఇద్దరు మనవరాళ్ళున్నవాడు. చేతిలో మజ్జిగ గ్లాసు. ఆయన నా వైపు చూస్తున్నాడు. నేను గోడ మీద పాకుతున్న చీమల్ని చూస్తున్నాను. బెల్లం గిడ్డంగిలో చీమలకు కరువుండదు కనక అలా ఎంతసేపైనా చూడొచ్చు.

ఆయన నా మొగుడని వాళ్ళ నమ్మకం. నిజానికి ఆయన నా పై అధికారి. మొగుడికీ అధికారికీ మధ్య ఉండాల్సిన దూరాన్ని నేను ఒక్కదాన్నే, ఎవరి సాయమూ లేకుండా, నా నోటితోనే చెరిపేశాను. ఇంతటి ప్రమాదం ఎలా కొని తెచ్చుకున్నానో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పట్లో నవ్వడానికి నాకు తీరిక దొరకలేదు.

ఇది డెబ్బైల మొదట్లో మాట. నాకు ఇరవై మూడేళ్ళు. ఆ తర్వాత పత్రికలో చేరి, జనాన్ని ప్రశ్నలడిగి జవాబుల్ని సగానికి కోసే విద్యలో ముప్ఫై ఏళ్ళు గడిపాను కాని, నా మొదటి ప్రశ్నలు మాత్రం చోడవరంలోనే అడిగాను. విశాఖపట్నంలోని ఒక స్వచ్ఛంద సంస్థ ఆ చుట్టుపక్కల కొత్త కోడళ్ళకు తరగతులు పెట్టింది. నెలసరి, కడుపు, కాన్పు, కాన్పుకీ కాన్పుకీ ఎడం, పిల్లలు వద్దనుకుంటే ఏం చెయ్యాలి, కావాలనుకున్నా రాకపోతే ఏం చెయ్యాలి, ఇవీ పాఠాలు. ఏడాది గడిచాక పైవాళ్ళకు అనుమానం వచ్చింది. పాఠాలు చెబుతున్నారు సరే, ఎవరికైనా ఎక్కుతున్నాయా అని. అది తేల్చే పని నాకిచ్చారు. ఒక అట్ట, కట్టలకొద్దీ ఫారాలు, మూడు నెలల గడువు. నా నివేదిక బాగుంటే తరగతులు ఇంకో ఏడాది సాగుతాయి. లేకపోతే మూత.

మొదటి వారం చీడికాడ వెళ్ళాను. మొదటి ప్రశ్న చదివానో లేదో, ఒక ముసలామె అడ్డం వచ్చింది.

"నీకు పెళ్ళయిందేటమ్మా?"

"ఇంకా లేదండీ."

"మరి నీకెందుకమ్మా ఈ గొడవలు? కన్నెపిల్ల ఇనకూడదు. ఎల్లు."

ఎల్లమని ఊరుకోలేదు, చేతిలో జామకాయ పెట్టి పంపింది. ఇంటింటా అదే మర్యాద. వారం తిరిగేసరికి సంచి నిండా జామకాయలు, చేతి నిండా ఖాళీ ఫారాలు.

చోడవరం వచ్చేటప్పటికి నాకు తెలివి వచ్చింది. తెలివి అని అప్పుడు అనుకున్నాను. సంతలో నల్లపూసలు, ఒక జత మట్టెలు కొన్నాను. పుస్తెల దాకా వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నేను పొదుపు మనిషిని, ఒక్కదానితో కానిచ్చేశాను.

తరగతి ఖాళీగా ఉన్న ఒక బెల్లం గిడ్డంగిలో జరిగేది. పాఠం చెప్పేది నర్సు సత్యవతిగారు. ఆమె సర్కారు మనిషి, నన్ను ఎన్నడూ చూసి ఎరగదు. ఆడవాళ్ళందరి తరఫునా మాట్లాడేది అప్పలకొండ. కొత్త కోడళ్ళ తరగతికి నలుగురు పిల్లల తల్లి ఎందుకొస్తోందని ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం ఆ ఊళ్ళో ఎవరికీ లేదు.

"పెళ్ళయిందా?" అంది అప్పలకొండ, నా మట్టెలు చూస్తూనే.

"అయింది."

"ఎన్నాళ్ళయింది?"

"నాలుగేళ్ళు."

నాలుగు నెలలని ఉంటే ఈ కథ ఇక్కడితో ముగిసేది. నోటికి నాలుగొచ్చింది, దాని వెనక ఏళ్ళు తగులుకున్నాయి.

"పిల్లలు?"

"లేరు."

ఇరవై రెండు జతల కళ్ళు నన్ను జాలిగా తడిమాయి. "ఓలమ్మా, నాలుగేళ్ళే" అని ఎవరో నిట్టూర్చారు. ఆ నిట్టూర్పుతో తలుపులన్నీ తెరుచుకున్నాయి. నేను తమలో మనిషినని, పైగా తమకంటే దురదృష్టవంతురాలినని తేలాక, వాళ్ళు నా దగ్గర దాచిందేమీ లేదు. అత్తకు తెలియకుండా ఆసుపత్రి మాత్రలు ఉప్పు జాడీలో దాచుకున్నామె, మూడో కాన్పుకు భయపడి పుట్టింట్లో ఉండిపోయినామె, ఒక్కరు తప్ప అందరూ చెప్పారు. ఫారాలు నిండాయి. అబద్ధం నాది, నిజాలన్నీ వాళ్ళవి.

మొగుడి పేరు పైకి చెప్పకూడదన్న ఆచారం నన్ను చల్లగా కాపాడింది. ఎవరూ అడగలేదు, నేను ఒక పేరు కల్పించనక్కర్లేకపోయింది. మిగతావన్నీ అడిగారు.

"మీ ఆయన ఏటి సేస్తాడు?"

"రైల్లో గార్డు."

"ఇక్కడికెప్పుడొస్తాడు?"

"డ్యూటీ లేనప్పుడు."

"డ్యూటీ ఎప్పుడుండదు?"

"చెప్పలేం. ఎప్పుడూ రైల్లోనే ఉంటారు."

"అందికే గావాల పిల్లల్నేరు," అంది అప్పలకొండ. గిడ్డంగి పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు.

మర్నాటి నుంచి నాకు వైద్యం మొదలైంది. ఒకామె మునగాకు తెచ్చేది. ఒకామె నువ్వులుండలు తెచ్చేది. వడ్డాది నుంచి ఒక తాయెత్తు వచ్చింది. ఒకసారి వంకాయలిస్తే, మోయలేక, "ఆయనకి వంకాయ పడదు" అనేశాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. నాకు మొగుడూ లేడు, మొగుడికి పేరూ లేదు, కాని వంకాయ మాత్రం పడదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నేను ఉంటున్నది ఒక ఇంటి వెనక వాటాలో, ఒంటి గదిలో. ఇంటావిడ అద్దెకిచ్చిన రోజున మాట్లాడింది, మళ్ళీ ఖాళీ చేసిన రోజున మాట్లాడింది. కిరసనాయిలు స్టవ్వు మీద ఒక్కరికి అన్నం వండటం నాకు చివరిదాకా చేతకాలేదు, ఎప్పుడూ మరొకరికి సరిపడా మిగిలేది. ఆదివారాలు తరగతి ఉండేది కాదు. శనివారం సాయంత్రం "వెళ్ళొస్తానండీ" అన్న మాట తర్వాత మళ్ళీ సోమవారం దాకా నా గొంతు నాకే వినబడేది కాదు. ఒకసారి సాయంత్రం అనకాపల్లి బస్సు హారన్ కొడితే, దిగేవాళ్ళలో గార్డు టోపీ ఉందేమోనని కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను. ఒక్కసారే. మీరు నమ్మకపోయినా నేను ఒక్కసారే అని రాస్తాను.

తరగతిలో అసలు నోరు విప్పని మనిషి ఒకతె ఉండేది. నూకరత్నం. ఇరవై ఏళ్ళుంటాయి. గుమ్మం పక్కన కూర్చుని, తరగతి అయ్యాక నాతోపాటు రోడ్డు మలుపు దాకా నడిచేది. పది రోజులు ఊరికే నడిచింది. పదకొండో రోజున, అక్క వరసన అప్పా అని పిలిచి, అడిగింది.

"మీ అత్త నిన్నేటీ అనదా అప్పా?"

"ఏం అంటుంది?"

"మా అత్త అంటాది. అయిదేళ్ళయింది నాకు. మా ఆయనికి మళ్ళీ పెళ్ళి సేస్తానని కె.కోటపాడులో ఒక గుంటని సూసింది. చెరుకు గానుగలయిపోతే మాటాడతామంటంది."

"మీ ఆయన ఏమంటాడు?"

"ఆడేటంటాడు. అమ్మ ఎలాగంటే అలాగ." కాసేపు నడిచి, "నీకూ నేరు గదా. నిన్ను సూస్తే నాకు దయిర్యంగుంటాది," అంది.

మీరే చెప్పండి, అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా. చెప్పలేదు. ఫారాలు పాడైపోతాయని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, ఆ మలుపు దాకా నాతో నడిచే మనిషి ఆ ఊళ్ళో ఇంకెవరూ లేరు.

ఆ వారమే సత్యవతిగారు పిల్లలు లేకపోవడం గురించి పాఠం చెప్పారు. లోపం ఆడదానిలోనే ఉండాలని లేదు, మగవాడిలోనూ ఉండొచ్చు, ముందు మగవాడికి పరీక్ష చేయించడం తేలిక, అది పట్నం ఆసుపత్రిలో చేస్తారు అని వివరించి, రెండు చీటీలు రాశారు. ఒకటి నూకరత్నానికి, ఒకటి నాకు.

"మీ ఆయన పేరు?" అని అడిగారు నూకరత్నాన్ని. ఆమె తల వంచుకుంది. నన్ను అడిగారు. నేనూ వంచుకున్నాను, అంతకంటే చక్కగా.

"సరేలెండి. పేరు దగ్గర ఖాళీ వదిలేశాను, అక్కడికెళ్ళాక వాళ్ళే రాయించుకుంటారు," అన్నారు సత్యవతిగారు. ఆ చీటీని నేను ఫారాల అట్టకు గుచ్చుకుని తిరిగాను.

గడువు వారం ఉందనగా సంస్థ కార్యదర్శిగారు చెప్పకుండా దిగారు. సత్యవతిగారు ఇంకా రాలేదు, నేను మిగిలిన ఫారాలు తేవడానికి గదికి వెళ్ళాను. ఆయన గిడ్డంగి గుమ్మంలో నిలబడి, "సుభద్ర ఏదీ?" అని నా కోసం అడిగాడట. ఒక ఆడదాన్ని పేరు పెట్టి, అండీ గిండీ లేకుండా అడిగే మగవాడు మొగుడు కాక ఎవడవుతాడు? నేను వచ్చేసరికి ఆయన గోనెసంచి మీద ఉన్నాడు, మజ్జిగ చేతికొచ్చింది, పాఠం సగమయింది.

"ఇంత పెద్దోడికా కట్టీసేరు గుంటని," అని వెనక ఎవరో గుసగుసలాడారు.

"రెండో సంబందమై ఉంటాది."

"సూడు బాబూ," అంటోంది అప్పలకొండ, "ఆడదాన్ది నేలైతే మగోడిది ఇత్తనం. ఇత్తనం పుచ్చిపోతే నేలేటి సేస్తాది? మా నర్సమ్మ బొమ్మేసి సూపించింది."

"అమ్మా, అది... అందులో నాకు..."

"సిగ్గుపడకు. పరీక్షకి కొయ్యరు, కుట్టరు. ఒక్క పూట పని."

కార్యదర్శిగారు నన్ను చూశారు. నేను చీమల్ని చూశాను. సరిగ్గా అప్పుడు గుమ్మం పక్క నుంచి నూకరత్నం లేచింది. ఆ గిడ్డంగిలో ఆమె గొంతు విన్నవాళ్ళు అప్పటిదాకా లేరు.

"బాబూ, నాలుగేళ్ళుగా ఈవిడ అందరి మాటా పడతంది," అంది. "ఒక్కసారి ఎల్లి సూపించుకుంటే నువ్వు అరిగిపోవు. నోపం నీకాడ ఉందంటే ఉందని సెప్పు. నేదంటే నేదని సెప్పు. అదీ సెయ్యక ఇంకో గుంటని తెస్తానంటే, ఆ గుంటకీ ఇదే గతి గదా. ఇది గొడ్డుదని ఎవులన్నా అంటే, నానింకా సూపించుకోనేదు అని ఒక్క మాట నువ్వు అనొచ్చు గదా. నీ నోటికేటైంది?"

ఆ మాటలు ఎవరికి చెప్పాల్సినవో కార్యదర్శిగారికి తప్ప అక్కడందరికీ తెలుసు. ఆయన గ్లాసు కింద పెట్టి, హెడ్మాస్టరు గొంతుతో, చాలా మర్యాదగా చెప్పాడు.

"అమ్మా, నువ్వన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. కాని ఈ అమ్మాయి నా భార్య కాదు. మా సంస్థలో పనిచేస్తోంది. నాకు తెలిసినంతలో ఈమెకి పెళ్ళే కాలేదు."

ముందుగా తేరుకున్నది అప్పలకొండ.

"మరి ఆ మునగాకంతా ఎవులు తిన్నట్టు?"

"నేనే," అన్నాను.

"నువ్వులుండలు?"

"అవీ నేనే."

"తిండి సూస్తే ఇద్దరిది," అందామె. ఒకరిద్దరు నవ్వారు. నూకరత్నం నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"గార్డు నేడా?"

"లేడు."

"అసలుకే నేడా?"

"అసలుకే లేడు."

"మనిద్దరం అనుకున్నానప్పా," అంది.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నా దగ్గర జవాబులుండేవి. ఆమె నా చేతిలోని అట్టను చూసి, దానికి గుచ్చిన చీటీ మీద వేలు పెట్టింది.

"మా ఆయన నాదాన్ని సింపీసేడు. నీదాని మీద పేరు నేదు గదా. నీకు ఎవులూ నేరు. ఇలాగియ్యి."

ఇచ్చాను. మడిచి కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు మలుపు దాకా నేను ఒక్కదాన్నే నడిచాను.

బస్టాండులో కార్యదర్శిగారు నా ఫారాలు ఒక్కొక్కటే తిరగేశారు. నా ఉద్యోగం పోయిందనుకున్నాను. చివరికి, "పాఠం వాళ్ళకు ఎక్కిందమ్మా. నా నెత్తి మీద నిలబడి మరీ అప్పజెప్పారు. దీన్ని నివేదికలో ఎలా రాస్తావో నీ ఇష్టం, నా పేరు మాత్రం రాకూడదు," అన్నారు. "పాఠ్యాంశాలు సంతృప్తికరముగా అవగాహనమైనట్లు ప్రత్యక్షముగా గమనించడమైనది" అని రాశాను. తరగతులు ఇంకో ఏడాది సాగాయి. సత్యవతిగారి రిజిస్టరులో ఇరవై మూడో పేరుగా, వివాహిత, సంతానం లేదు, భర్తకు చీటీ ఇవ్వబడినది అని నేను ఇంకా ఉండే ఉంటాను. కొట్టెయ్యమని అడిగే ముఖం నాకు లేకపోయింది.

కనుక పాఠకుల సాక్షిగా, చోడవరం చీమల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట లేని మొగుణ్ణి చేసుకోను, చేసుకున్నా అతనికి వంకాయ పడదని చెప్పను. ఉన్న మొగుణ్ణి చేసుకునే యోగం ఎటూ కలగలేదు కనక ఈ ఒట్టు నిలబెట్టుకోవడం ఇన్నేళ్ళూ పెద్ద కష్టం కాలేదు.

నేను ఊరు విడిచేలోగా మిగిలిన వారంలో నూకరత్నం తరగతికి రాలేదు. అప్పటికి చెరుకు గానుగలు ఆగిపోయాయి. ఆ చీటీ మీద ఎవరి పేరైనా రాశారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.