మమ్మీల ముందు రాజన్న అడిగిన ప్రశ్న

మమ్మీలంటే నాకు చిన్నప్పటినుంచీ పిచ్చి. కువైట్ సిటీలో ప్రాచీన ఈజిప్టు అంత్యక్రియల మీద ప్రదర్శన పెట్టారని తెలియగానే, డాక్టరైన మా ఆవిడ సుధను సెలవు రోజు నిద్ర లేపి మరీ బయల్దేరదీశాను. ఉదయం పదింటికి మేముండే జాబ్రియాలో టాక్సీ ఎక్కితే ఇరవై నిమిషాల దారి, మూడు దినార్లు. టాక్సీ నడిపే రాజన్నది జగిత్యాల. మేం ఎక్కడికెళ్లినా అతని బండే. ఎప్పుడూ బయటే కునుకు తీసేవాడు, ఆ రోజు మాత్రం "నేను గూడ లోపటికొస్త సార్" అన్నాడు.

వినేవాడు దొరికాడు, ఇక నా నోటికి అడ్డేముంది! ముక్కులోంచి కొక్కెం దూర్చి మెదడు లాగేవారనీ, డొక్కలో కోసి పేగులు తీసి జాడీల్లో పెట్టేవారనీ, ఒంటిని ఉప్పులో ఎండబెట్టేవారనీ మమ్మీల ముందు నిలబడి చేతులు తిప్పుతూ చెప్పాను. గుండెను మాత్రం ఉంచేసేవారట, పరలోకంలో దాన్ని తూచి పాపపుణ్యాలు తేలుస్తారని.

రాజన్న మొహం పాలిపోయింది. "గిప్పుడు గూడ గిట్లనే కోస్తరా సార్? మా అన్న ఐదు రోజులసంది మార్చురీల ఉన్నడు."

సుధ ఏమైందని అడిగితే చెప్పాడు. ఊరి బయట అమ్ఘరాలో తుక్కు యార్డులో పనిచేసే అన్న ఉన్నట్టుండి పోయాడట. ఊరికి పంపాలంటే శవం పాడవకుండా ఎంబామింగ్ చేయాలి, దానికి ఊళ్లో ఉన్న వదిన సంతకం కావాలి. లోపలిదంతా తీసేసి ఖాళీ ఒళ్లు పంపుతారని ఎవరో చెబితే ఆమె పెట్టనంటోంది. పెట్టకపోతే ఇక్కడే పూడ్చేస్తారు. ఛీ, ఇంతసేపూ వాగానే తప్ప, ఎలా ఉన్నావని ఒక్క మాట అడగలేదు నేను!

"ఏమీ తియ్యరు రాజన్నా. చిన్న గాటు పెట్టి రక్తనాళంలోకి మందు ఎక్కిస్తారు" అంది సుధ. అతను అక్కడే వదినకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. సుధ మళ్లీ అంతా చెప్పింది.

"ముఖం కనవడ్తదా డాక్టరమ్మా?" అందామె. "నా బిడ్డ పుట్టినంక ఆయన ఇంటికే రాలే. అది నాయిన్ను ఫోన్ల తప్ప సూడలే."

"కనబడుతుందమ్మా."

"గట్లయితే పంపుండ్రి. సంతకం వెడ్త."

రెండో హాలు మేం చూడలేదు. కాగితాల కోసం ముగ్గురం అటునుంచటే ఆస్పత్రికి వెళ్లాం. ఆత్మ తిరిగొచ్చినప్పుడు తన ఒంటిని గుర్తుపట్టాలని ఆ పాతకాలం వాళ్లు అన్ని తంటాలు పడ్డారు. ఇక్కడ గుర్తుపట్టాల్సింది మూడేళ్ల పిల్ల.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: పొద్దున్నే వెళ్లండి, జనం ఉండరు. బోర్డుల మీద అన్నీ రాసే ఉన్నాయి, మనసులో చదువుకోండి. పక్కనున్నవాళ్ల ఇంట్లో ఎవరు పోయారో మనకేం తెలుసు?