పాలపిట్ట పటం

అనకాపల్లిలో శారదా నదికి దగ్గర సందులో సన్యాసిరావుది చిన్న ఫొటో స్టూడియో. ముప్పై ఏళ్లుగా పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీస్తున్న చెయ్యి. పని పల్చబడ్డాక తీరిక వేళల్లో పిట్టలను తీయడం మరిగాడు. పాత అలవాటు మాత్రం పోలేదు. కొమ్మ మీద గోరింక కనబడితే చాలు, "గడ్డం కొంచెం పైకి... ఆ, కదలకండి" అంటాడు. గోరింకకు అంత మర్యాద తెలియదు, ఎగిరిపోతుంది.

ఈ మాఘమాసంలో అతనికి ఒక పాలపిట్ట కావలసి వచ్చింది. అదీ ఎదురింటి అప్పలనర్సమ్మ కోసం.

అప్పలనర్సమ్మ ఏటి అవతల బెల్లం గానుగ దగ్గర చెరకు పిప్పి ఎండబెట్టే ఆడవాళ్లకు పెద్ద. సన్యాసిరావుకు అక్క వరస, "అప్పా" అని పిలుస్తాడు. స్టూడియో తెరిచిన కొత్తలో నాలుగు రోజులు ఒక్కరూ గుమ్మం తొక్కలేదు. ఐదో రోజు ఆమె తన జట్టు మొత్తానికీ తలలు దువ్వించి తీసుకొచ్చి, వరసగా కూర్చోబెట్టింది. ఆ ఫొటోలతో వాళ్లకు పనేమీ లేదని అతనికి తెలుసు. ఆమెకూ తెలుసు.

దసరా ముందు ఆమె గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. విజయదశమి నాడు పాలపిట్టను చూడనిదే ముద్ద ముట్టని మనిషి, ఆ రోజంతా ఆసుపత్రి పైకప్పు చూస్తూ గడిపింది. ఇప్పుడు కట్టు విప్పేశారు. నడవకపోతే మోకాలు బిగుసుకుపోతుందని డాక్టరు గట్టిగా చెప్పారు. ఆమె ససేమిరా అంది.

"పాలపిట్టని సూడకండా నేల మీద కాలెట్టను. నూకాలమ్మ తల్లికి సెప్పేసేను."

"నలుగురం ఎత్తుకుని ఆటోలో కూకోబెడతాం, పొలం కాడికెల్లి సూద్దుగాని అత్తా" అంది కోడలు పావని.

"నలుగురూ నన్ను మోసుకెల్లడానికి ఇంకా టైముందే!"

"మరెలాగప్పా?" అన్నాడు సన్యాసిరావు.

"దేవుణ్ణి పటంలో సూసి దణ్ణం ఎట్టుకోటం లేదేట్రా? పటం తే. రెక్కలిప్పినదే కావాల. రెక్కలు మూసుకుంటే ఏటుంది, మట్టిముద్ద."

వారం రోజులు పొద్దునా సాయంత్రం తిరిగాడు. మధ్యాహ్నం మాత్రం కెమెరా సంచిలోంచి తీయలేదు. నడినెత్తిన సూర్యుడుంటే ఫొటోలో మనిషికి కళ్ల కింద నీడలు గుంటల్లా పడతాయని పని నేర్పిన గురువు చెప్పిన మాట. పిట్టకు కళ్ల కింద గుంటలేమిటని అతనికి తోచనే లేదు. పాలపిట్ట కరెంటు తీగ మీద రెక్కలు ముడుచుకుని కూర్చునేది. ఎగిరిందంటే ఆకాశపు వెలుగుకు అడ్డొచ్చి ఫొటోలో నల్లగా పడేది.

ఆ ఫొటోలు చూసి అప్పలనర్సమ్మ పకపకా నవ్వింది. "కాకిని తెచ్చేవేట్రా? ఎండ నడినెత్తికొచ్చేక మావోల్లు పిప్పి తిరగేత్తారు. కిందున్న పురుగులు పైకొత్తాయి. అప్పుడు దిగుతాదది. పన్నెండు కొట్టేక ఎల్లు."

"నడిమజ్జాన్నం ఫొటో బాగోదప్పా."

"నీ ఫొటో నీకు తెలుసు, నా పిట్ట నాకు తెలుసు. ఎల్లు!"

మర్నాడు వెళ్లాడు. రథసప్తమి దాటిందేమో, సూర్యభగవానుడు కళ్లు తెరవనివ్వడం లేదు. కళ్లం నిండా పరిచిన పిప్పి ఎండి, పాలిపోయి తెల్లగా మెరుస్తోంది. గానుగ యజమాని కన్నబాబు అడక్కుండానే గ్లాసుడు చెరకు రసం ఇచ్చి, తన తుండుగుడ్డ తడిపి అతని నెత్తిన వేశాడు. పిప్పి తిరగేస్తున్న జట్టులోంచి చిన్నమ్మలు అనే ఆమె కేకేసింది.

"నర్సమ్మప్ప పిట్ట కోసమా బావా? నువ్వక్కడే కూకో. మేం ఆ సివర్నించి తిరగేసుకుంటా నీ కాడికొత్తాం."

రోజూ చేసే దారి మార్చుకుని, వాళ్లు ఎండకు ఎదురుగా పని మొదలుపెట్టారు. వరస దగ్గరకొచ్చేసరికి తీగ మీది పాలపిట్ట దిగింది. ఒక మిడతను ముక్కున కరుచుకుని, పిప్పికి మూరెడెత్తున రెక్కలు విప్పింది.

"కదలకండి" అంటూనే నొక్కాడు సన్యాసిరావు.

ఎండలో కెమెరా తెర కనబడక తుండుగుడ్డ ముసుగేసుకుని చూశాడు. ఈసారి నలుపు లేదు. రెక్కల అడుగున కూడా నీలం, దీపం కిందనుంచి పట్టినట్టు వెలుగుతోంది. పిప్పి మీద పడిన ఎండ తిరిగి పైకి కొట్టింది! గడ్డం కింద నీడ పోవడానికి తను స్టూడియోలో మనుషుల ఒళ్లో తెల్లగుడ్డ పరిచేవాడు. అదే పని ఇక్కడ ఈ ఆడవాళ్లు కళ్లం పొడుగునా చేసి పెట్టారు. అతను వాళ్లవైపు తిరిగి చేతులు జోడించాడు. "పిట్టకెట్టాల దణ్ణం, మాకెందుకు బావా!" అని వాళ్లు నవ్వారు.

పొద్దు వాలకముందే పటం అప్పలనర్సమ్మ చేతిలో ఉంది. ఆమె చాలాసేపు చూసి కళ్లకద్దుకుంది. తర్వాత పటాన్ని దగ్గరగా పట్టుకుని మొహం చిట్లించింది.

"ఈ మూల పిప్పి సరిగ్గా తిరగెయ్యనేదు. సిన్నమ్మలు పనే ఇది. నేనెల్లాల్సిందే."

అంటూ కాలు కింద పెట్టింది. పావని భుజం పట్టుకుని ఒక అడుగు, ఇంకో అడుగు. సన్యాసిరావు కళ్లు చెమ్మగిల్లాయి. చెయ్యి మాత్రం దాని పని అది చేసింది, కెమెరా పైకి లేచింది.

"గడ్డం కొంచెం పైకప్పా... ఆ, కదలకు."

"కదులూ కదులూ అని వారం నుంచి పేణం తీసేసేరు, ఇప్పుడు కదలొద్దంటావేట్రా!" అంటూ అప్పలనర్సమ్మ మూడో అడుగు వేసింది.