అదే పాట, నాలుగో గొంతు

నా చిన్నప్పుడు ఆ పాట పక్కింటి ఆంటీ సొంతమే అనుకునేదాన్ని. సింగపూర్‌లోని జురాంగ్ ఈస్ట్‌లో మా ఫ్లాటూ వాళ్ల ఫ్లాటూ ఒకే కారిడార్‌లో ఉండేవి. సాయంత్రాలు ఆవిడ కిటికీ దగ్గర జడ వేసుకుంటూ ఆ ఇంగ్లీషు పాట పాడేది. కాస్త బొంగురు గొంతు, నిద్రలోంచి వస్తున్నట్టుండేది. ఒకరిని వదిలి వెళ్లలేక గుమ్మంలోనే నిలబడిపోయిన మనిషి పాట అది. వింటుంటే కారిడార్ దీపాలు నీళ్లలో ఉన్నట్టు మెల్లగా కదిలేవి.

ఆంటీ వాళ్లది తాతల కాలం నుంచి అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. ఒక హోటల్లో పాటలు పాడటం ఆవిడ ఉద్యోగం. అవన్నీ వేరేవాళ్లు పాడిన పాటలేనని అప్పట్లో నాకు తెలియదు.

స్కూల్ కచేరీకి నేను ఆ పాటే ఎంచుకున్నాను. ఆంటీ ఎలా సాగదీసేదో అలాగే సాగదీసి సాధన చేశాను. ఒకరోజు స్కూల్లో అందరి ముందూ పాడుతుంటే ఒక అమ్మాయి తన వాక్‌మన్ తెచ్చి నా చెవులకు పెట్టింది. అదే పాట. కానీ డప్పుల మోత, పరుగెత్తే వేగం, ఎవరో మగ గొంతు. "నీది రాంగ్ లా, ఇదే అసలుది" అంది, అక్కడ అందరూ మాటకి తగిలించే ఆ "లా"తో. అందరూ నవ్వారు. నేనిక పాడలేదు. పాడేదీ లేనిదీ మర్నాడు ఉదయం చెప్పాలని, లేకపోతే నా వంతు ఇంకొకరికి ఇస్తానని టీచర్ అన్నారు.

ఇంటికొచ్చి పాడనని ఏడ్చాను. ఆంటీ తలుపు తీసి నన్ను లోపలికి పిలిచింది. ఆవిడ నన్ను మోసం చేసిందన్నంత కోపం నాకు.

"ఏం పాపా, నా ముఖం చూడవా?"

"మీరు పాడేది తప్పంట ఆంటీ."

"అయ్యయ్యో! హోటల్లో చెప్పకు లా, నా ఉద్యోగం పోతుంది!" అని పకపకా నవ్వింది.

తర్వాత నన్ను కళ్లు మూసుకోమని, టేప్‌రికార్డర్‌లో ఒక్కో క్యాసెట్టే పెట్టింది. ప్రతిసారీ ఒకటే ప్రశ్న: గుమ్మంలో ఉన్న ఆ మనిషి ఇప్పుడు ఏం చేస్తోంది? మొదటిది ఒక ఆడమనిషి పాత గొంతు. గుమ్మానికి తల ఆనించి ఏడుస్తోందన్నాను. రెండోది వాక్‌మన్‌లోని మగ గొంతు. తలుపు బాదుతున్నాడన్నాను. మూడోది ఆంటీ. వెనక హోటల్ గ్లాసుల చప్పుడు. నవ్వుతోంది కానీ ముఖం అటు తిప్పుకుందన్నాను.

నాలుగోది సన్నటి గొంతు. వాయిద్యాలేవీ లేవు. పై స్థాయికి వెళ్లినచోట వణికింది, ఆగలేదు. ఈ అమ్మాయి లోపలికి వచ్చేసింది కానీ ఇంకా చెప్పులు విప్పలేదని చెప్పాను. ఎవరని అడగబోతుండగా టేపులో కుక్కర్ విజిల్ వేసింది. వెంటనే మా అమ్మ గొంతు, నా పేరు పిలుస్తూ. కళ్లు తెరిచాను. నేను కారిడార్‌లో పాడుకుంటుంటే ఆంటీ గ్రిల్ గేటు వెనక నుంచి రికార్డు చేసిందట.

"మరి అసలుది మొదటిదేనా?" అని అడిగాను.

"ముందు పాడింది ఆవిడే. దండం పెట్టాలి. తర్వాత మేమంతా ఆవిడ దగ్గర తీసుకుని ఎవరింటికి వాళ్లం పట్టుకుపోయాం" అంది.

అది అమెరికాలో ఒక నల్లజాతి గాయని పాడిన రిథమ్ అండ్ బ్లూస్ పాట అనీ, ఎంతోమంది దాన్ని మళ్లీ మళ్లీ పాడారనీ పెద్దయ్యాక తెలిసింది. మర్నాడు టీచర్‌కి పాడతానని చెప్పాను. కచేరీలో అదేచోట గొంతు వణికింది. వాక్‌మన్ అమ్మాయి ముందు వరసలోనే ఉంది. నవ్విందో లేదో చూడటం మరిచిపోయాను.

ఇప్పుడు నాకు నెలల పాప. ఇది రాస్తుంటే పక్కనే నిద్రలో పెదవులు కదుపుతోంది. ఎలా ఎత్తుకోవాలో అమ్మ ఫోన్‌లో ఒకలా చెబుతుంది, క్లినిక్‌లో నర్సు ఒకలా చూపించింది, వీడియోల్లో తల్లులు ఇంకోలా చేస్తారు. రోజంతా ఏదో తప్పు చేస్తున్నానన్న భయం. పాప ఏడ్చినప్పుడు ఒక్క క్షణం కళ్లు మూసుకుంటాను. ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నా, ఎత్తుకోవలసింది ఈ చేతులతోనే. అవి వణుకుతాయి. వణుకుతూనే ఎత్తుకుంటాను.